గేమ్ మాస్టర్ అధికారం, ఆటగాళ్ల స్వేచ్ఛ: టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఒక కథ నడుపుతారు. వారిలో ఒకరు గేమ్ మాస్టర్. మిగిలినవారు తలా ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెబుతారు. ఊరు, అడవి, శత్రువులు, దారిన పోయేవాళ్లు, వాన, చీకటి గేమ్ మాస్టర్ నోటివెంట వస్తాయి. ఫలితం ముందే తేల్చలేని చోట పాచికలు వేస్తారు. చదరంగంలో పావు ఏ గడిలో ఉందో ఇద్దరికీ కనిపిస్తుంది. ఈ ఆట ఊహలో సాగుతుంది కాబట్టి, జరిగిందని బల్ల దగ్గర అందరూ ఒప్పుకున్నదే జరిగినట్టు లెక్క. అందువల్ల ‘ఇప్పుడు ఏం జరిగింది’ అని చెప్పే హక్కు ఎవరిది అన్నది ఈ ఆటలకు పునాది ప్రశ్న.

సాధారణంగా దీన్ని గేమ్ మాస్టర్‌కూ ఆటగాళ్లకూ మధ్య పెత్తనం తగాదాగా వర్ణిస్తారు. ఆ వర్ణన చాలదు. అధికారం అని ఒక్క మాటలో చెప్పేది నిజానికి అరడజను వేర్వేరు హక్కుల మూట. వాటిలో ఏది ఎవరి చేతిలో ఉందన్నది ఆటను బట్టి మారుతుంది. గత యాభై ఏళ్లలో ఈ ఆటల నియమాల్లో వచ్చిన మార్పుల్లో చాలా భాగం ఆ మూట విప్పి పంచడమే.

పేర్లు

1974లో వెలువడిన తొలి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలు ఈ బాధ్యత తీసుకున్నవారిని రిఫరీ అన్నాయి. డంజియన్ మాస్టర్ అనే పేరు ఆ తర్వాత ఏడాది రెండేళ్లలోనే స్థిరపడింది. వాడుకలో అది డీఎం అయింది. ట్రావెలర్ (1977) రిఫరీ అనే పాత పేరే ఉంచుకుంది. కాల్ ఆఫ్ కథుల్హు (1981) కీపర్ అంది. వాంపైర్: ద మాస్కరేడ్ (1991) స్టోరీటెల్లర్ అంది. అపొకలిప్స్ వరల్డ్ (2010) మాస్టర్ ఆఫ్ సెరిమనీస్ అని, పొట్టిగా ఎంసీ అని పిలిచింది. ఈ పేర్లు ఊరికే పెట్టినవి కావు. రిఫరీ తీర్పు చెబుతారు, కీపర్ రహస్యాలు కాపాడతారు, స్టోరీటెల్లర్ కథ చెబుతారు. ఆట రచయిత ఏ హక్కును ముఖ్యమనుకున్నారో పేరు చూస్తేనే తెలిసిపోతుంది.

తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ఆడేవాళ్లు గేమ్ మాస్టర్, డీఎం అనే అంటారు. సూత్రధారి అనే మాట నోటికి వస్తుంది గానీ అది పొరపాటు దారి పట్టిస్తుంది. సూత్రధారికి నాటకం చివరిదాకా తెలుసు. గేమ్ మాస్టర్‌కు రేపటి ఘట్టం తెలియకపోవడంలోనే ఈ ఆట ప్రాణం ఉంది.

ఆటగాళ్ల వైపు హక్కును ఏజెన్సీ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని నిర్ణయ స్వేచ్ఛ అంటున్నాం. నిర్ణయ స్వేచ్ఛ ఉందనడానికి మూడు కావాలి: ఎంచుకోవడానికి ఒకటికి మించిన దారులుండాలి, ఏ దారిలో ఏముండవచ్చో కొంతైనా తెలియాలి, ఎంచుకున్న దానివల్ల తర్వాతి కథ నిజంగా మారాలి. మూడు గుహల ముందు నిలబెట్టి ఏ గుహలో ఏముందో ఒక్క ఆనవాలూ చెప్పకపోతే ఆటగాడు చేసేది లాటరీ చీటీ తీయడమే.

అధికారంలోని భాగాలు

మొదటిది పాత్ర మీద హక్కు. తన పాత్ర ఏం ఆలోచిస్తుందో, ఏం చేయబూనుతుందో చెప్పే హక్కు దాదాపు అన్ని ఆటల్లోనూ ఆటగాడిదే. గేమ్ మాస్టర్ ‘నువ్వు భయపడి పారిపోయావు’ అనడం చాలా బల్లల దగ్గర హద్దు మీరడం కిందే లెక్క. మంత్రం, పిచ్చి, సమ్మోహనం లాంటివి మాత్రం నియమాలు ఒప్పుకున్న మినహాయింపులు. కాల్ ఆఫ్ కథుల్హులో పాత్ర మతి స్థిమితం తప్పినప్పుడు పగ్గాలు కొంతసేపు కీపర్ చేతికి పోతాయి. ఆ ఆటలో భయం పుట్టేదే అక్కడ.

రెండోది ప్రపంచం మీద హక్కు: ఊళ్లు, మనుషులు, చరిత్ర, దాచిన రహస్యాలు. మూడోది ఘట్టం పెట్టే హక్కు. కథను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని రోజులు దాటించాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి ఇందులోకి వస్తాయి. నాలుగోది తీర్పు: పాచిక వేయాలా వద్దా, వేస్తే ఎంత కష్టం, ఏ నియమం వర్తిస్తుంది. ఐదోది ఫలితాన్ని వర్ణించే హక్కు. పాచిక గెలుపు అని తేల్చాక ఆ గెలుపు ఎలా ఉంటుందో చెప్పేది ఎవరన్నది విడి ప్రశ్న. ఆరోది బల్ల మీద హక్కు: ఎవరు ఆడాలి, ఏ విషయాలు కథలోకి రాకూడదు, ఏ నియమాలు వదిలేయాలి.

అమెరికన్ ఆట రచయిత రాన్ ఎడ్వర్డ్స్ ఇదే పనిని మరోలా చేశారు. విషయం, కథాగమనం, సన్నివేశం, వర్ణన అని అధికారాన్ని నాలుగుగా విడదీశారు. వర్ణన హక్కు ఆటగాడికి ఇచ్చినంత మాత్రాన విషయం మీద హక్కు ఇచ్చినట్టు కాదన్నది ఆ విభజనలో పనికొచ్చే అంశం. శత్రువు ఎలా పడిపోయాడో ఆటగాడు చెప్పవచ్చు. ఆ శత్రువు నిజానికి ఎవరన్నది గేమ్ మాస్టర్ దగ్గరే ఉండిపోవచ్చు.

అసలు ఈ హక్కులను పంచడమెందుకు, అందరూ కలిసి కథ అల్లుకుంటే సరిపోదా అన్న ప్రశ్నకు పాల్ సెజ్ చెప్పిన సూత్రం జవాబు. ఆయన పేరుతోనే దాన్ని సెజ్ సూత్రం అంటారు. ఒక పాత్రకు చిక్కు తెచ్చిపెట్టే మనిషే దాని పరిష్కారాన్నీ చెబితే ఆట చప్పబడుతుందన్నది దాని సారాంశం. ముడి వేసే చెయ్యి, విప్పే చెయ్యి వేరుగా ఉండాలి. ముడి వేసే చెయ్యి గేమ్ మాస్టర్‌దే కానక్కర్లేదు, ఇంకెవరిదైనా కావచ్చు.

చరిత్ర

ప్రష్యా యుద్ధక్రీడలో అంపైరు

గేమ్ మాస్టర్ తాతముత్తాతలు సైనికాధికారులు. ప్రష్యాకు చెందిన జార్జ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ 1812లో ఒక యుద్ధక్రీడను రాజు ఫ్రెడరిక్ విలియం 3కు చూపించారు. రైస్విట్జ్ కుమారుడు దాన్ని తిరగరాసి 1824లో క్రీగ్స్‌ష్పీల్ పేరుతో నియమాలు ప్రచురించారు. 1:8000 కొలతలో గీసిన పటం మీద ఆట. ఒక్కో విడత యుద్ధంలో రెండు నిమిషాలతో సమానం. రెండు పక్షాలు తమ ఆదేశాలను కాగితం మీద రాసి అంపైరుకు ఇచ్చేవి. పావులు కదిపేది, పాచికలు వేసి నష్టం లెక్కకట్టేది ఆయనే. శత్రువు బలగాల్లో ఒక పక్షానికి కనిపించాల్సినవి మాత్రమే వారికి తెలిసేవి.

అంపైరుకు అధికారం ఎందుకొచ్చిందో ఇక్కడ చూడవచ్చు. కొండ వెనక ఏముందో సేనానికి తెలియకూడదు. తెలియకుండా ఆడాలంటే తెలిసినవారొకరు బల్ల దగ్గర ఉండాలి. రహస్యాన్ని మోయడానికి ఒక మనిషి అవసరమవడమే ఈ అధికారానికి మూలం.

నియమాల బరువు మీద తగవు కూడా అప్పుడే మొదలైంది. పట్టికలు చూసుకుంటూ కూర్చుంటే ఆట కదలడం లేదని అధికారులు విసుక్కున్నారు. 1876లో యూలియస్ ఫాన్ వెర్డీ డు వెర్న్వా పట్టికలు, పాచికలు చాలావరకు పక్కన పెట్టి, అనుభవజ్ఞుడైన అంపైరు తీర్పుకే పెద్దపీట వేసే పద్ధతిని ప్రతిపాదించారు. దానికి స్వేచ్ఛా క్రీగ్స్‌ష్పీల్ అని పేరు. పుస్తకాన్ని నమ్మాలా, మనిషిని నమ్మాలా అన్న ఆనాటి ప్రశ్ననే ఈనాటి ఆటగాళ్లూ వాదించుకుంటున్నారు.

బ్రౌన్‌స్టైన్

అమెరికా సైన్యం కోసం చార్లెస్ టాటెన్ 1880లో స్ట్రాటెగోస్ అనే యుద్ధక్రీడ పుస్తకం రాశారు. ఆటగాడు దేన్నైనా ప్రయత్నించవచ్చు, ఫలితం రిఫరీ తేలుస్తాడు అన్న ఆలోచన అందులో ఉంది. మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఆ పుస్తకాన్ని ఎనిమిది దశాబ్దాల తర్వాత లైబ్రరీలో పట్టుకున్నారు. 1960ల చివర నెపోలియన్ కాలపు ఊహా పట్టణం బ్రౌన్‌స్టైన్ నేపథ్యంగా ఒక ఆట నడిపారు. సేనాపతులతో పాటు ఊళ్లోని పెద్దమనుషుల పాత్రలనూ ఒక్కొక్కరికి ఇచ్చి, ఒక్కొక్కరికీ సొంత లక్ష్యం పెట్టారు. ఆటగాళ్లు వెస్లీ ఊహించని పనులన్నీ చేశారు, తమలో తాము మంతనాలాడుకున్నారు. ఆట చేజారిందని, తన ప్రయోగం విఫలమైందని వెస్లీ అనుకున్నారు. ఆడినవాళ్లు మాత్రం ఇంకోటి పెట్టమని వెంటపడ్డారు.

వారిలో డేవ్ ఆర్నెసన్ ఒకరు. లాటిన్ అమెరికాలోని ఊహా దేశంలో సాగిన తర్వాతి ఆటలో, తాను సీఐఏ మనిషినని చూపే నకిలీ గుర్తింపు కార్డు తయారుచేసుకుని వచ్చి మిగతావారిని బురిడీ కొట్టించారు. నియమాల్లో అలాంటి ఎత్తు లేదు. రిఫరీ ఒప్పుకున్నారు కాబట్టి చెల్లింది. ఆటగాడి స్వేచ్ఛకూ రిఫరీ అధికారానికీ పొత్తు కుదరడం ఇక్కడ కనిపిస్తుంది: పుస్తకంలో లేని పనిని ఆటగాడు చేయగలిగాడంటే, పుస్తకంలో లేని తీర్పు చెప్పగల మనిషి ఒకరు ఉండబట్టే.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 1974–1979

ఆర్నెసన్ ఆ పద్ధతిని బ్లాక్‌మూర్ అనే సొంత మాయా ప్రపంచంలోకి తీసుకెళ్లారు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. టీఎస్ఆర్ సంస్థ ప్రచురించిన ఆ పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుండేవి. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. నియమాల్లో ఖాళీలు బోలెడు. మూడో పుస్తకం చివర రచయితలు రిఫరీలకు ఇచ్చిన సలహా, సందేహమొస్తే మీకు నచ్చినట్టు మీరే తేల్చుకోండి అన్నది.

ఐదేళ్లలో ఆ ధోరణి తిరగబడింది. పోటీల్లో వేర్వేరు బల్లల వద్ద ఒకే ఆట ఒకేలా సాగాలి. దాంతో ఏకరూప నియమాలు కావాల్సి వచ్చాయి. 1977–79 మధ్య మూడు పెద్ద పుస్తకాలుగా వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌కు ఉన్న కారణాల్లో ఇదొకటి. అయితే ఆ నియమాలను పంచిన తీరు చూడాలి. 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో దాడి పట్టికలు లేవు. తన కత్తి శత్రువుకు తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో ఆటగాడి పుస్తకంలో దొరకదు. అవి 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఆటగాళ్లు తెరవకూడదని గైగాక్స్ ముందుమాటలోనే హెచ్చరించారు. మాట వినని ఆటగాడి పాత్ర నెత్తిన పిడుగు వేయడం లాంటి దండనలు కూడా అందులో సూచించారు. బల్ల మీద హక్కును, ప్రపంచం మీద హక్కును ఇలా కలిపేయడం ఆ పుస్తకంలోని బలహీనత. మనిషి ప్రవర్తనతో సమస్య ఉంటే మనిషితో మాట్లాడాలి. పాత్ర మీద పిడుగు వేస్తే తగవు ముదురుతుంది.

కథ వైపు మొగ్గు, 1980–1991

1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ సాహస పుస్తకాలు ఆటలోకి నవలను తెచ్చాయి. ముందే తయారుచేసిన పాత్రలు, ముందే గీసిన కథ, సమాంతరంగా ట్రేసీ హిక్‌మన్, మార్గరెట్ వైస్‌ల నవలలు. ముఖ్య పాత్రలు మధ్యలో చనిపోతే కథ తెగిపోతుంది కాబట్టి, వారి చావును అనుమానాస్పదంగా ఉంచి తర్వాత బతికించుకునే వీలు కల్పించమని ఆ పుస్తకాలు గేమ్ మాస్టర్‌కు చెప్పాయి. పాఠకులకు గొప్ప కథ దక్కింది. ఆ కథను ఎటు తిప్పాలన్న హక్కు ఆటగాళ్లకు తగ్గింది.

అదే ఏడాది వచ్చిన పారనోయా అధికారాన్నే కథావస్తువు చేసింది. అందులో సర్వశక్తులున్న ఒక కంప్యూటర్ నగరాన్ని ఏలుతుంది. ఆటగాడు తనకు అర్హత లేని నియమాలు తెలిసినట్టు మాట్లాడటమే రాజద్రోహం. 1987 నాటి ఆర్స్ మేజికా వేరే దారి చూపింది. బృందంలోని వారు వంతులవారీగా గేమ్ మాస్టర్ కుర్చీలో కూర్చోవచ్చంది. 1991లో వచ్చిన యాంబర్ పాచికలనే తీసేసింది. ఎవరి సామర్థ్యం ఎక్కువో పోల్చి ఫలితం చెప్పే పని పూర్తిగా గేమ్ మాస్టర్‌దే. వెర్డీ డు వెర్న్వా దారిలో అంత దూరం వెళ్లిన ప్రసిద్ధ ఆటలు కొద్ది.

ఆటగాళ్ల చేతికి చిన్న అధికారాలు రావడమూ ఈ దశాబ్దంలోనే మొదలైంది. జేమ్స్ బాండ్ 007 (1983) హీరో పాయింట్లు ఇచ్చింది. పాయింటు ఖర్చు పెడితే పాచిక ఫలితం మెరుగవుతుంది. గేమ్ మాస్టర్ దయ అక్కర్లేదు.

పుస్తకం చేతికి అధికారం, 2000

2000లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పు అన్ని పనులకూ ఒకే పద్ధతి పెట్టింది: 20 ముఖాల పాచిక వేసి, నైపుణ్యం కలిపి, నిర్ణీత అంకెను అందుకోవాలి లేదా దాటాలి. ఆ అంకెలు చాలావరకు ఆటగాళ్ల పుస్తకంలోనే అచ్చయ్యాయి. 1979లో దాచిపెట్టిన దాడి లెక్క ఇప్పుడు ఆటగాడి చేతికొచ్చింది. మంత్ర ఆయుధాలు తయారుచేసుకునే దారి కూడా నియమాల్లోనే ఉంది. దీంతో ఆటగాడు ముందుగా లెక్క వేసుకుని పథకం పన్నగలిగాడు. గేమ్ మాస్టర్ తీర్పు పుస్తకానికి విరుద్ధంగా ఉంటే వేలు పెట్టి చూపించగలిగాడు కూడా. అలా చూపించడమే పనిగా పెట్టుకున్నవారిని రూల్స్ లాయర్లు అన్నారు. పాత్ర తయారీలో మొట్టమొదటి అడుగు మీ గేమ్ మాస్టర్‌ను అడగడం అని ఆ పుస్తకమే చెప్పడం గమనార్హం. గేమ్ మాస్టర్‌దే తుది నిర్ణయం అన్న సంప్రదాయానికి వాడుకలో ఉన్న పేరు రూల్ జీరో.

అధికార విభజన, 2001–2017

ఈ కాలంలో స్వతంత్ర రచయితలు మూట పూర్తిగా విప్పారు. యూనివర్సాలిస్ (2002)లో గేమ్ మాస్టర్ లేరు. నాణేలు చెల్లించి ఎవరైనా ఒక వాస్తవాన్ని కథలోకి తేవచ్చు, ఇంకొకరు నాణేలతోనే సవాలు చేయవచ్చు. డాగ్స్ ఇన్ ద వైన్‌యార్డ్ (2004) గేమ్ మాస్టర్‌కు రెండే దారులు మిగిల్చింది: ఆటగాడు కోరింది ఒప్పుకోవాలి, లేదా పాచికలు వేయాలి. ఊరికే కాదనడానికి వీల్లేదు.

దాని రచయిత విన్సెంట్ బేకర్, మెగీ బేకర్‌తో కలిసి 2010లో తెచ్చిన అపొకలిప్స్ వరల్డ్ ప్రభావం అన్నింటికంటే ఎక్కువ. గేమ్ మాస్టర్‌కు సలహాలుగా ఉండే విషయాలను అది నియమాలుగా రాసింది. ఎంసీ ఎప్పుడు మాట్లాడాలో, ఏ లక్ష్యాలకు కట్టుబడాలో, ఎలాంటి కదలికలు చేయాలో జాబితా ఇచ్చింది. ఎంసీ పాచికలే వేయరు. ప్రపంచం గురించి ఆటగాళ్లను ప్రశ్నలడిగి, వారి జవాబులను వాడుకోవాలి. గేమ్ మాస్టర్ అధికారం ఇక్కడ తగ్గిందనడం కంటే, అది నియమావళికి లోబడిందనడం సరైనది.

పాతబాణీ పునరుజ్జీవనం

దాదాపు అదే సమయంలో 1970ల ఆటలకు తిరిగి వెళ్లాలన్న ఉద్యమం బలపడింది. మాట్ ఫించ్ 2008లో రాసిన చిన్న పరిచయ పుస్తకం దీనికి మార్గదర్శి. అచ్చులోని నియమం కంటే అక్కడికక్కడ చెప్పే తీర్పు మేలని ఆయన వాదం. పైకి ఇది గేమ్ మాస్టర్ పక్షంలా కనిపిస్తుంది. ఆటగాళ్ల స్వేచ్ఛ మీద పట్టింపు కూడా ఈ ఉద్యమానికి అంతే గట్టిది. గేమ్ మాస్టర్ తీర్పరి మాత్రమే, కథ ఎటు పోవాలో ఆయన ముందే అనుకోకూడదు. బెన్ రాబిన్స్ నడిపిన వెస్ట్ మార్చెస్ ఆటలో ఏ రోజు ఆడాలి, పటంలో ఎటు వెళ్లాలి అన్నవి కూడా ఆటగాళ్లే నిర్ణయించేవారు.

ఒకే ఘట్టం, ఐదు పద్ధతులు

తేడా తెలియడానికి ఒక ఘట్టం తీసుకుందాం. నాగి అనే దొంగ అర్ధరాత్రి కోట గోడ ఎక్కి లోపలికి దిగాలి. గోడ అవతల ఒక కావలివాడున్నాడు.

పాతబాణీలో గేమ్ మాస్టర్ మొదట అడిగేది ‘ఎలా ఎక్కుతావు’ అని. వాన పడింది, గోడ తడిగా ఉంది అంటారు. ఆటగాడు ‘కొక్కేనికి గుడ్డ చుడతాను, చప్పుడు రాదు. కావలివాడు అటు తిరిగి నడిచే అడుగులు లెక్కపెట్టి అప్పుడు విసురుతాను’ అంటాడు. ఆ మాట బాగుంటే గేమ్ మాస్టర్ పాచికే అడగకపోవచ్చు. అంతా ఆయన విచక్షణ. కానీ ఆ విచక్షణను కదిలించే శక్తి ఆటగాడి మాటలో ఉంది.

2000 నాటి మూడో కూర్పుతో ఆడితే, గోడ ఎలాంటిదో గేమ్ మాస్టర్ చెబుతారు. ఇటుక గోడకు కనీసం 25 రావాలని పుస్తకంలో ఉంది. నాగి తన నైపుణ్యం కూడుకుని, ఎక్కాలో మానాలో పాచిక వేయకముందే లెక్క చూసుకోగలదు.

అపొకలిప్స్ వరల్డ్ పద్ధతిలో ఆటగాడే రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు. మొత్తం 10 లేదా ఆపైన వస్తే పని అయిపోయింది. 7 నుంచి 9 వస్తే ఎంసీ ఒక చేదు బేరం పెట్టాలి: ‘లోపలికి దిగావు, కానీ తాడు పైనే చిక్కుకుంది. వదిలేస్తావా, దాని కోసం ఆగుతావా?’ ఇక్కడ ఇబ్బంది తెచ్చేది ఎంసీ, ఎంచుకునేది ఆటగాడు. 6 లేదా అంతకన్నా తక్కువ వచ్చినప్పుడు ఎంసీకి గట్టి దెబ్బ కొట్టే హక్కు వస్తుంది.

బ్లేడ్స్ ఇన్ ద డార్క్ (2017)లో ఏ నైపుణ్యం వాడాలో ఆటగాడు చెబుతాడు. ప్రమాదం ఎంత, ఫలం ఎంత అన్నది గేమ్ మాస్టర్ చెబుతారు. దిగాక కావలివాడు ఎదురుపడ్డాడనుకోండి. ‘నిన్న సాయంత్రమే వాడికి డబ్బు ముట్టజెప్పాను’ అని ఆటగాడు గతంలోకి వెళ్లి ఒక చిన్న ఘట్టం పెట్టవచ్చు. దానికి స్ట్రెస్ అనే పాయింట్లు చెల్లించాల్సి రావచ్చు. దెబ్బ తగిలిందని గేమ్ మాస్టర్ అన్నా, స్ట్రెస్ పణంగా పెట్టి దాన్ని తగ్గించుకునే హక్కు ఆటగాడికి ఉంది. ఘట్టం పెట్టే హక్కు, ఫలితాన్ని ఆపే హక్కు రెండూ నాగి చేతికి ఎంత కొలిచి ఇచ్చారో చూడండి.

ఫేట్ ఆటలో నాగి పాత్ర కాగితం మీద ‘తమ్ముణ్ణి వదిలి రాదు’ అని రాసి ఉంటే, గేమ్ మాస్టర్ ఒక ఫేట్ పాయింటు ముందుకు తోసి ‘చెరసాలలోంచి తమ్ముడి గొంతు వినిపించింది, పని వదిలి అటు వెళ్తావు, సరేనా?’ అంటారు. ఆటగాడు పాయింటు తీసుకుని చిక్కులో పడవచ్చు, లేదా తన దగ్గరి పాయింటు చెల్లించి కాదనవచ్చు. పాత్ర మీద హక్కును లాక్కోవడం లేదు, కొంటున్నారు.

వివాదాస్పద పద్ధతులు

రైల్‌రోడింగ్

ఆటగాళ్లు ఏం చేసినా కథను ముందే అనుకున్న చోటికి లాక్కుపోవడాన్ని రైల్‌రోడింగ్ అంటారు. పట్టాలు వదిలి బండి పక్కకు పోలేదు కదా. ఊరి తలుపులు మూసుకుపోతాయి, వంతెనలు కూలుతాయి, ఎదురొచ్చినవాళ్లంతా ఒకే మాట చెబుతారు. ఒకే వరుస ఘట్టాలున్న కథనంతా రైల్‌రోడింగ్ అనడం మాత్రం తప్పు. ఫలానా కోటకు వెళ్లే కథ ఆడదామని అందరూ ఒప్పుకుని కూర్చుంటే అందులో బలవంతం లేదు. ఒప్పుకోని దారిలోకి నెట్టినప్పుడే ఆ పేరు వర్తిస్తుంది.

ఇల్యూజనిజం

ఇది మరింత చిక్కయినది. ఆటగాళ్లు ఎడమ దారి పట్టినా, కుడి దారి పట్టినా గేమ్ మాస్టర్ అదే రాక్షసుణ్ణి ఎదురు పెడతారు, ఆటగాళ్లకు తెలియదు. పాతబాణీ ఆటగాళ్లు దీన్ని క్వాంటమ్ ఓగర్ అంటారు. సిద్ధం చేసుకున్నది వృథా పోకూడదు గదా, ఆనందించినవారికి నష్టమేమిటి అన్నది ఒక పక్షం వాదన. ఎంచుకోవడానికే విలువ లేకుండా చేశాక మిగిలిన ఆనందం అరువుదన్నది రెండో పక్షం. ఆటగాళ్లు ఏ దారిలో ఏముందో ముందే వాకబు చేసి, రాక్షసుణ్ణి తప్పించుకోవాలని ఎడమకు తిరిగి ఉంటే, రెండో పక్షం వాదనే నెగ్గుతుంది. అక్కడ జరిగింది తొండి.

చాటు పాచిక

గేమ్ మాస్టర్ ముందు అట్ట తెర నిలబెట్టుకుని దాని వెనక పాచిక వేయడం పాత ఆచారం. పాచిక ఫలితాన్ని తోసిపుచ్చే హక్కు డంజియన్ మాస్టర్‌కు ఉందని 1979 గైడ్ చెప్పింది. 2014లో వచ్చిన ఐదో కూర్పు గైడ్ కూడా తెర వెనక అంకె మార్చడాన్ని చర్చించి, అతిగా చేయవద్దని, చేసినట్టు తెలియనివ్వవద్దని చెప్పింది. అపొకలిప్స్ వరల్డ్ లాంటి ఆటల్లో ఎంసీ పాచికలు వేయరు కాబట్టి ఈ ప్రశ్నే తలెత్తదు. పాతబాణీ బృందాల్లో చాలామంది పాచికను బల్ల నడుమ అందరి కళ్లెదుట వేస్తారు. పాత్ర చావుబతుకులు తేల్చే పాచిక ఎదురుగా పడాలన్నదే ఈ వ్యాసకర్త పక్షం. చచ్చిపోదని ముందే తెలిస్తే ఆటగాడి సాహసానికి విలువ ఉండదు.

బల్ల చుట్టూ మనుషులు

సామాజిక శాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్ 1983లో ఈ ఆటగాళ్ల బృందాల మీద షేర్డ్ ఫ్యాంటసీ అనే పుస్తకం ప్రచురించారు. బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఒక్కరూ ఒకేసారి మూడు స్థాయుల్లో ఉంటారని ఆయన పరిశీలన: మామూలు మనిషిగా, ఆటగాడిగా, పాత్రగా. అధికారం గురించిన చాలా తగవులు ఈ స్థాయులు కలగాపులగం అవడంతో పుట్టేవే. గేమ్ మాస్టర్ సొంత ఇంట్లో ఆట పెడతారు, పుస్తకాలు కొంటారు, వారమంతా కూర్చుని కథ సిద్ధం చేస్తారు. ఆ శ్రమ వల్ల వచ్చిన పెద్దరికం మెల్లగా ఆటలోని తీర్పుల మీదికి పాకుతుంది. ఆటగాళ్ల దగ్గరున్న చివరి అధికారం లేచి వెళ్లిపోవడం. అది వాడాల్సి వచ్చేసరికి ఆట ఎలాగూ ముగిసినట్టే.

అందుకే బల్ల మీద హక్కును విడిగా రాసిపెట్టుకునే పద్ధతులు వచ్చాయి. 2003లో రాన్ ఎడ్వర్డ్స్ లైన్స్ అండ్ వీల్స్ ప్రతిపాదించారు. కథలోకి అసలు రాకూడని విషయాలు గీత అవతల, వచ్చినా వర్ణించకుండా దాటేయాల్సినవి ముసుగు చాటున. తర్వాతి దశాబ్దంలో జాన్ స్టావ్రోపౌలస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ ఇంకా సులువు. బల్ల మధ్య ఎక్స్ గుర్తు గీసిన ఒక కార్డు ఉంటుంది. ఎవరైనా దాన్ని తాకితే ఆ విషయాన్ని కథలోంచి తీసేస్తారు, ఎందుకని అడగరు. ఈ ఒక్క విషయంలో గేమ్ మాస్టర్‌కూ అందరికీ ఒకే హక్కు. కథ మొదలుపెట్టకముందు ఇవన్నీ మాట్లాడుకునే సమావేశాన్ని సెషన్ జీరో అంటారు. కొత్తగా బృందం కట్టేవారు నియమాల పుస్తకం తెరవకముందు ఆ ఒక్క పూట కేటాయించుకోవడం మంచిది.

పోటీలు, వ్యవస్థీకృత ఆటల్లో పరిస్థితి వేరు. ఆటగాడు ఒకే పాత్రతో వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు గేమ్ మాస్టర్ల దగ్గర ఆడతాడు కాబట్టి అక్కడ సంస్థ నియమాలదే పైచేయి. ఇంట్లో చెల్లే సొంత సవరణలు అక్కడ చెల్లవు. 2015లో మొదలైన క్రిటికల్ రోల్ ప్రదర్శన మరో ఒత్తిడి తెచ్చింది. వృత్తి నటులు ఆడే ఆ ఆటను గేమ్ మాస్టర్‌గా నడిపిన మాథ్యూ మెర్సర్ నేర్పు చూసినవారు తమ బల్ల దగ్గరా అదే స్థాయి ఆశిస్తారు. దీనికి మెర్సర్ ఎఫెక్ట్ అని పేరే పడిపోయింది.

గేమ్ మాస్టర్ లేని ఆటలు

ఈ ఆటలు అధికారం లేని ఆటలు కావు. అదే అధికారం వంతులవారీగా చేతులు మారుతుంది. జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన ఫియాస్కో (2009)లో ముగ్గురి నుంచి ఐదుగురు ఆడతారు. తన వంతు వచ్చినవారు ఘట్టం తామే పెట్టవచ్చు, అప్పుడు అది మంచిగా ముగియాలా చెడుగా ముగియాలా అన్నది మిగతావారు తేలుస్తారు. లేదా ఘట్టం పెట్టే పని మిగతావారికి వదిలి, ముగింపు తామే తేల్చుకోవచ్చు. రెండూ ఒకరికే దక్కవు. సెజ్ సూత్రం నియమంగా మారితే ఇలా ఉంటుంది. మైక్రోస్కోప్ (2011) ఒక నాగరికత చరిత్రనంతా ఇలా వంతులతోనే రాయిస్తుంది.

రహస్యాన్ని మోయడానికి మనిషి కావాలన్న 1824 నాటి అవసరానికి కూడా ప్రత్యామ్నాయాలు దొరికాయి. మిథిక్ (2003)లో ఆటగాడు అవునా కాదా అనే ప్రశ్న వేస్తాడు, పాచిక జవాబు చెబుతుంది. తలుపు అవతల ఎవరున్నారో ఆ క్షణం దాకా ఎవరికీ తెలియదు. షాన్ టామ్‌కిన్ 2018లో తెచ్చిన ఐరన్‌స్వోర్న్ ఒకే పుస్తకంతో మూడు రకాలుగా ఆడవచ్చు: గేమ్ మాస్టర్‌తో, గేమ్ మాస్టర్ లేకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, లేదా ఒక్కరే. మూడు పద్ధతుల్లోనూ ఆటగాడు వేసేది అవే పాచికలు: ఆరు ముఖాలది ఒకటి, పది ముఖాలవి రెండు.